రన్నింగ్ షూ: రెండు జతలు తిప్పుకోవడం, పాతది సమయానికి దింపేయడం

అడుగున రబ్బరు ఇంకా ఉంది, పైన బట్ట ఎక్కడా చిరగలేదు, కాబట్టి ఈ జత ఇంకో నాలుగు నెలలు లాగేస్తుంది. రన్నింగ్ షూ విషయంలో చాలామంది పొరబడేది ఈ లెక్క దగ్గరే. షూలో ముందుగా పోయేది కంటికి కనపడే రబ్బరు కాదు, బట్టా కాదు. ఆ రెండింటి మధ్య ఉన్న ఫోమ్. అది పోయేటప్పుడు చిరుగు పడదు, చప్పుడు రాదు. రోజుకు ఇంతని మెల్లగా తగ్గుతుంది కనుక కాలు కూడా దానికి అలవాటు పడిపోతుంది. చివరికి తేడా తెలియనిది ఎవరికయ్యా అంటే, రోజూ ఆ షూ వేసుకునేవాళ్లకే.

పక్కన ఇంకో జత ఉంటే మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. నిన్న కొత్త జతలో 8 కి.మీ. పరిగెత్తి, ఈరోజు పాత జత వేసుకుంటే మొదటి వంద అడుగుల్లోనే కాలు చెబుతుంది. రెండు జతలు మార్చి మార్చి వాడమనడానికి చెప్పే కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో పెద్దగా ఎవరూ చెప్పని ఈ కారణమే అన్నిటికంటే పనికొచ్చేది.

ఫోమ్‌కు ఏమవుతుంది

షూ అడుగు భాగం మూడు పొరలు. నేలకు తగిలేది అవుట్‌సోల్, అంటే రబ్బరు. దాని మీద మందంగా ఉండేది మిడ్‌సోల్, అంటే ఫోమ్. పాదం కింద, చేత్తో పీకితే ఊడి వచ్చే పలుచటి పొర ఇన్‌సోల్. దెబ్బను తట్టుకునే పనిలో దాదాపు అంతా మిడ్‌సోల్‌దే. ఇన్‌సోల్ ఒరుసుకోకుండా కాపాడుతుంది, చెమట పీల్చుకుంటుంది, అంతకు మించి దానికి పని లేదు. అందుకే అరిగిన షూలో కొత్త ఇన్‌సోల్ వేస్తే రెండు రోజులు మెత్తగా అనిపిస్తుంది గానీ షూ కొత్తదైపోదు.

కిలోమీటరు 6 నిమిషాల్లో పరిగెత్తే మనిషి ఒక్కో కిలోమీటరుకు సుమారు 1,000 అడుగులు వేస్తాడు. అంటే ఒక్కో షూ 500 సార్లు నేలను తాకుతుంది. తాకిన ప్రతిసారీ శరీర బరువుకు రెండు నుంచి మూడు రెట్ల బలం దాని మీద పడుతుంది. 70 కిలోల మనిషైతే 140 నుంచి 210 కిలోల బరువు మోపినట్టు. 600 కి.మీ. పూర్తయ్యేసరికి ఒక్కో షూ మూడు లక్షల సార్లు ఆ దెబ్బ తిని ఉంటుంది.

ఫోమ్ అంటే గాలి నిండిన చిన్న చిన్న గదుల సముదాయం. నొక్కినప్పుడు ఆ గదుల గోడలు వంగుతాయి, వదిలినప్పుడు తిరిగి లేస్తాయి. లక్షల సార్లు వంగాక కొన్ని గోడలు మడత పడి అలాగే ఉండిపోతాయి, కొన్ని చిట్లి లోపలి గాలి వదిలేస్తాయి. పలచబడిన ఫోమ్ గట్టిపడుతుంది. ఎక్కువ షూలలో వాడే ఈవీఏ రకానికి ఇది త్వరగా వస్తుంది. గుళికలను కలిపి అచ్చు పోసే టీపీయూ రకం బరువు ఎక్కువైనా మన్నిక ఎక్కువ. రేసు షూలలో వచ్చే పెబా రకం తేలిక, ఎగిరే గుణం బాగా ఉంటుంది, కానీ మెత్తనిది కనుక అంచులు త్వరగా నలుగుతాయి.

అమెరికాలో 1985లో అచ్చయిన ఒక పరీక్షలో షూలను యంత్రం మీద పరుగు లాంటి దెబ్బలతో అరగదీసి చూశారు. మొదటి 80 కి.మీ.కే దెబ్బను మింగే శక్తి కొత్తదానితో పోలిస్తే 75 శాతానికి పడిపోయింది. 160 నుంచి 240 కి.మీ. దగ్గరికి 67 శాతం. 400 నుంచి 800 కి.మీ. మధ్య 60 శాతం లోపు. అలాంటి షూలనే మనుషుల కాళ్లకు తొడిగి పరిగెత్తిస్తే నష్టం అంత లేదు, 800 కి.మీ. దగ్గర కూడా 70 శాతం దాకా మిగిలింది. ఆనాటి ఫోమ్ వేరు, ఇప్పటి ఫోమ్ వేరు. కానీ గీత వాలు మాత్రం గుర్తు పెట్టుకోదగ్గది: మొదట్లో గబగబా పడుతుంది, తర్వాత మెల్లగా జారుతూ పోతుంది. ఫలానా కిలోమీటరు రాయి దాటగానే షూ చచ్చిపోవడమంటూ ఏదీ ఉండదు.

కిలోమీటర్ల లెక్క

మామూలు శిక్షణ షూకు 500 నుంచి 800 కి.మీ. అనే అంకె అందరూ చెప్పేదే. అది పాడైపోయే తేదీ కాదు. 500 వచ్చిందంటే ఇక నుంచి రెండు వారాలకోసారి షూను చేతిలోకి తీసుకుని చూడాలని అర్థం. 800 దాటితే ఎంత బాగున్నా అనుమానించాలి. తేలికైన రేసు షూలకు 250 నుంచి 400 అనుకోవడం మేలు. బరువు ఎక్కువ ఉన్నవాళ్లు, మడమను గట్టిగా నేలకేసి కొట్టేవాళ్లు, గరుకు రోడ్డు మీద కాలు ఈడ్చేవాళ్లు కింది అంకె దగ్గరే ఆగాలి. తేలికైన మనిషి, నున్నటి దారి, బరువైన షూ అయితే 800 దాకా రావచ్చు. ట్రెడ్‌మిల్ మీద రబ్బరు తక్కువ అరుగుతుంది, ఫోమ్ మాత్రం మామూలుగానే నలుగుతుంది. రబ్బరు చూసి షూ ఆయుష్షు లెక్కపెట్టే అలవాటున్నవాళ్లను ట్రెడ్‌మిల్ బాగా మోసం చేస్తుంది.

లెక్క రాసుకోవడానికి రెండు దారులున్నాయి. స్ట్రావా, గార్మిన్ కనెక్ట్ లాంటి యాప్‌లలో షూ పేరు చేర్చుకుంటే ప్రతి పరుగునూ దాని ఖాతాలో వేస్తాయి. రెండు జతలున్నప్పుడు పరుగు అయిపోగానే ఏ జతో మార్చడం మరిచిపోవద్దు. మరిస్తే అంకెలన్నీ ఒకే జత మీద పోగుపడి లెక్క చెడుతుంది. యాప్ వద్దనుకుంటే చెరగని మార్కర్‌తో ఇన్‌సోల్ అడుగున వాడటం మొదలుపెట్టిన తేదీ రాయండి, 50 కి.మీ. అయినప్పుడల్లా ఒక గీత గీయండి. పది గీతలంటే 500. పైవైపు రాస్తే చెమటకు చెరిగిపోతుంది.

ఇప్పటిదాకా ఏ లెక్కా లేని జతకు వారానికి సగటున ఎంత పరిగెత్తారో, ఎన్ని వారాలుగా వాడుతున్నారో గుణించండి. వారానికి 30 కి.మీ. అయితే 20 వారాలకు 600. వారానికి 50 అయితే 12 వారాలకే అంత. వారానికి 15 అయితే 40 వారాలు. అందుకే ఆరు నెలలకోసారి మార్చాలన్న మాట ఒకరికి ఆలస్యం, ఇంకొకరికి దండగ.

ఈ లెక్కలో అందరూ వదిలేసేది నడక. అవే షూలు వేసుకుని పనికి వెళ్లి రోజుకు 5,000 అడుగులు నడిస్తే సుమారు మూడున్నర కి.మీ. వారానికి ఐదు రోజులు, ఇరవై వారాలంటే 350 కి.మీ. నడకలో దెబ్బ పరుగులో అంత ఉండదు కనుక దాన్ని సగంగా లెక్కేసుకోవచ్చు. ఇది చేతి లెక్కే తప్ప శాస్త్రం కాదు, అయినా సున్నా అనుకోవడం కంటే నయం. నడకకు వేరే చెప్పులు పెట్టుకుంటే ఈ గొడవే లేదు.

చేత్తో, కంటితో చూడాల్సినవి

షూలు ఆరి ఉన్నప్పుడు, పగటి వెలుతురులో చూడండి.

మొదట రెండు షూలూ సమంగా ఉన్న బల్ల మీద పెట్టి, కళ్లను బల్ల ఎత్తుకు దించి వెనక నుంచి చూడాలి. మడమ భాగం నిటారుగా నిలబడాలి. లోపలికో బయటికో ఒరిగితే ఆ వైపు ఫోమ్ నలిగిపోయింది. రెండూ ఒకే వైపు కొద్దిగా ఒరిగితే వయసు. ఒకటి నిటారుగా ఉండి ఇంకోటి ఒరిగితే వయసుతో పాటు మీ పరుగులో కూడా ఏదో తేడా ఉంది. ఎప్పుడూ ఒకే వైపు వాలుగా ఉండే రోడ్డు అంచున పరిగెత్తడం దీనికి మామూలు కారణం.

తర్వాత పక్క నుంచి మిడ్‌సోల్ చూడండి. సన్నటి అడ్డగీతలు కొన్ని ఉండటం సహజం. లోతుగా, నొక్కు తీసినా పోకుండా, మడమ దగ్గర ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న ముడతలు సహజం కాదు. ఇన్‌సోల్ తీసేసి లోపలి నుంచి బొటనవేలితో మడమ దగ్గర గట్టిగా నొక్కండి. బతికున్న ఫోమ్ లొంగి తిరిగి వేలిని నెడుతుంది. పోయిన ఫోమ్ అట్టముక్కను నొక్కినట్టుంటుంది. అదే షూలో నడుం భాగాన, అంటే పాదం మధ్య వంపు కింద, బరువు తక్కువ పడే చోట నొక్కి పోల్చుకుంటే తేడా తెలుస్తుంది.

ఇక షూ ముక్కును, మడమను పట్టుకుని వంచండి. పాదం వేళ్ల దగ్గర వంగినట్టే షూ కూడా ముందుభాగంలో వంగాలి. సరిగ్గా నడుం దగ్గర రెండుగా మడతపడితే మిడ్‌సోల్ బలం పోయింది. గుడ్డ పిండినట్టు మెలిపెట్టినప్పుడు కొంత ఎదురు తిరగాలి. లోపల కార్బన్ పలక ఉన్న షూలకు ఈ పరీక్ష పనికిరాదు, బలవంతంగా వంచితే పలకే పాడవుతుంది.

మడమను పట్టి ఉంచే గట్టి గిన్నె లాంటి భాగాన్ని రెండు వైపుల నుంచీ పిండి చూడండి. మెత్తగా నలిగిపోతోందంటే చాలావరకు తప్పు షూది కాదు. లేసు విప్పకుండా, ఒక కాలి ముక్కుతో ఇంకో కాలి మడమ తొక్కి విడిచే అలవాటుది. లోపలి గుడ్డ మడమ దగ్గర చిరిగి ప్లాస్టిక్ బయటపడితే లేసు వదులుగా కట్టి పరిగెత్తుతున్నారన్నమాట. ఫోమ్ బాగున్నా ఆ చిరుగు బొబ్బలు తెస్తుంది.

రబ్బరును ఆఖర్న చూసినా చాలు. మడమ బయటి అంచు ఎక్కువ అరగడం చూసి కంగారు పడేవాళ్లున్నారు. పరిగెత్తేవాళ్లలో ఎక్కువమంది పాదం నేలకు మొదట తాకేది ఆ అంచుతోనే, కాబట్టి అక్కడ అరగాల్సిందే. రబ్బరు పూర్తిగా పోయి కింద ఫోమ్ నేలకు తగులుతుంటే మాత్రం ఆలోచించక్కర్లేదు, దింపేయాలి. ఫోమ్ నేలకు రాసుకుంటే రోజుల్లో కరిగిపోతుంది, తడి నేల మీద జారుతుంది కూడా. పైకి లేచిన రబ్బరు ముక్కను షూ జిగురుతో అంటించుకోవచ్చు, కానీ అది 200 కి.మీ. వాడిన షూకు చేయదగ్గ పని, 600 వాడినదానికి కాదు.

ఇవన్నీ చూశాక కూడా అనుమానం తీరకపోతే ఒక కాలికి పాతది, ఇంకో కాలికి కొత్తది వేసుకుని ఒంటికాలి మీద మార్చి మార్చి నిలబడండి, ఓ ఇరవై ముప్పై అడుగులు మెల్లగా పరిగెత్తండి. పాత షూ వైపు ఒళ్లు దిగినట్టనిపిస్తే, నేల గట్టిగా తగిలితే, ఇంకే పరీక్షా అక్కర్లేదు. రెండూ ఒకే మోడల్ అయితేనే ఈ పోలికకు విలువ.

నొప్పి కూడా ఒక కొలతే, కానీ జాగ్రత్తగా చదవాలి. దూరం పెంచలేదు, వేగం పెంచలేదు, దారి మారలేదు. అయినా మోకాళ్లు, అరికాళ్లు, మోకాలి కింద ముందువైపు ఎముక పరుగు తర్వాత రోజు సలుపుతున్నాయి. అది కూడా రెండు కాళ్లకూ. అప్పుడు ముందు అనుమానించాల్సింది షూనే. ఒక వారం కొత్త జతలో పరిగెత్తి తగ్గుతుందేమో చూడండి. ఎముక మీద ఒకే చోట వేలు పెడితే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే, కుంటాల్సి వస్తుంటే మాత్రం షూ మార్చి చూద్దామనుకోకూడదు. పరుగు ఆపి డాక్టరుకు చూపించాలి.

రెండు జతలు ఎలా తిప్పుకోవాలి

వారానికి రెండుసార్లు, మొత్తం పది పన్నెండు కి.మీ. పరిగెత్తేవాళ్లకు రెండో జత అవసరం లేదు. ఉన్న షూ పరుగు పరుగుకూ మధ్య ఎలాగూ ఆరుతుంది. వారానికి మూడు నాలుగు పరుగులు, 25 కి.మీ. పైన అయితే అప్పుడు లాభం మొదలవుతుంది.

లక్సెంబర్గ్ పరిశోధకులు 264 మందిని 22 వారాల పాటు గమనించిన అధ్యయనం ఒకటుంది. ఒకటి కంటే ఎక్కువ జతలు మార్చి వాడినవాళ్లకు గాయాల ముప్పు 39 శాతం తక్కువగా కనిపించింది. ఆ మంచి అంతా షూలదేనని ఈ ఒక్క అధ్యయనంతో తేల్చేయలేం, ఎవరికి ఎన్ని జతలో పరిశోధకులు నిర్ణయించలేదు మరి. కానీ కారణం ఊహకు అందేదే. వేర్వేరు షూలు కాలి మీద బరువును వేర్వేరు చోట్ల వేస్తాయి. ప్రతిరోజూ అదే కండ, అదే నరం, అదే కోణంలో లాగబడదు.

కాబట్టి రెండో జత అచ్చం మొదటిదాని లాంటిదే కాకుండా కాస్త తేడాగా ఉంటే మంచిది. తేడా ఎంతుండాలన్నది డ్రాప్‌ను బట్టి చూసుకోవచ్చు. మడమ కింద ఎత్తుకూ వేళ్ల కింద ఎత్తుకూ ఉన్న తేడాను డ్రాప్ అంటారు. సున్నా నుంచి 12 మిల్లీమీటర్ల దాకా దొరుకుతాయి. డ్రాప్ తగ్గేకొద్దీ పిక్క మీద, మడమ వెనక ఉండే స్నాయువు (అకిలిస్ టెండన్) మీద భారం పెరుగుతుంది. పెరిగేకొద్దీ మోకాలి వైపు జరుగుతుంది. ఒకటి 10, ఇంకోటి 6 అయితే కాలు సర్దుకుంటుంది. 10 నుంచి ఒక్కసారి సున్నాకు దూకితే రెండు వారాల్లో పిక్కలు పట్టేస్తాయి.

ఏ పరుగుకు ఏది? దూరం పరుగుకు, అలిసి ఉన్న రోజుకు మందంగా, మెత్తగా ఉన్నది. వేగం పెంచే రోజుకు తేలికైనది. రాళ్ల దారికి గుబ్బలున్న ట్రైల్ షూ. ఆ గుబ్బలు తారు రోడ్డు మీద వేగంగా అరిగిపోతాయి కనుక ఇంటి నుంచి దారి దాకా వాటితో పరిగెత్తవద్దు. కార్బన్ పలక ఉన్న రేసు షూను రోజువారీ తిప్పుడులో కలపకూడదు. దాని ఫోమ్ ఆయుష్షు తక్కువ, పైగా పాదం కండరాలకు, ఎముకలకు అది వేసే భారం తీరు వేరు. రేసుకు ముందు కొన్ని వేగపు పరుగులకు అలవాటు చేసుకుంటే సరిపోతుంది.

రెండు జతలూ ఒకేసారి కొనడం చాలామంది చేసే తప్పు. ఒకేసారి మొదలుపెట్టి సమంగా వాడితే రెండూ ఒకేసారి పాతబడతాయి. పోల్చి చూడటానికి కొత్తది ఉండదు, ఒకే వారంలో రెండూ మార్చాలి. ఇలా చేయండి: మొదటి జత 300 కి.మీ. చేరినప్పుడు రెండోది తెచ్చుకోండి. అక్కణ్నుంచి పరుగులు చెరి సగం పంచండి. ఇంకో 600 కి.మీ. తర్వాత మొదటిది 600 దగ్గర, రెండోది 300 దగ్గర ఉంటాయి. మొదటిది దింపేసి కొత్తది తెచ్చుకోండి. ఇప్పుడు మళ్లీ ఒకటి 300, ఒకటి సున్నా. ఎప్పుడు చూసినా ఒకటి కొత్తగా, ఒకటి పాతగా ఉంటాయి.

దీనివల్ల షూల ఖర్చు పెరుగుతుందనే భయం అక్కర్లేదు. వారానికి 30 కి.మీ. అయితే ఒకే జతతో 20 వారాలకోసారి కొత్తది కావాలి. రెండు జతల పద్ధతిలోనూ 20 వారాలకోసారే. మొదటిసారి రెండో జత కాస్త ముందుగా కొనాల్సి వస్తుంది, అంతే తేడా.

మూడో జత? వారానికి 60 కి.మీ. దాటినవాళ్లకు, ట్రైల్‌కూ రోడ్డుకూ వెళ్లేవాళ్లకు సరే. మిగతావాళ్లకు అది సరదా.

కొత్త జతను దారిలో పెట్టడం

ఇప్పటి షూలకు పాత తోలు బూట్లలా మెత్తబడే కాలం అక్కర్లేదు. అలవాటు పడాల్సింది కాలే. మొదటి రోజు ఇంట్లో ఒక గంట వేసుకుని తిరగండి. ఎక్కడైనా ఒరుసుకుంటుంటే బయటి మురికి అంటకముందే తెలుస్తుంది, మార్చుకోవచ్చు. మొదటి మూడు పరుగులు 4 నుంచి 6 కి.మీ. దాటకుండా, మెల్లగా. మధ్య రోజుల్లో పాత జత. రెండో వారం మామూలు దూరం, మూడో వారం దూరం పరుగు. పాత షూ పూర్తిగా పోయేదాకా ఆగి ఒక్కసారిగా కొత్తదానికి మారితే కాలికి ఈ వెసులుబాటు దొరకదు. చచ్చిన ఫోమ్‌కు అలవాటు పడిన కాలు మందమైన కొత్త ఫోమ్ మీద తడబడుతుంది.

రేసు రోజుకల్లా ఆ షూలో 40 నుంచి 80 కి.మీ. పరిగెత్తి ఉండాలి. అందులో కనీసం ఒక దూరం పరుగు, రేసు రోజు వేసుకునే సాక్సులతోనే.

తడి, మురికి, వేడి

తిప్పుకోవడంలో ఇంకో లాభం ఆరబెట్టుకునే సమయం. చెమటకు, వానకు తడిసిన షూ లోపలి దాకా ఆరడానికి ఒక రోజు, బాగా నానితే రెండు రోజులు పడుతుంది. తడిగానే మళ్లీ వేసుకుంటే చర్మం నాని బొబ్బలెక్కుతుంది, లోపల వాసన పట్టేస్తుంది, జిగురు వదులవుతుంది.

తడిసిన షూ లేసులు వదులు చేసి, నాలుకను బయటికి లాగి, ఇన్‌సోల్ తీసి విడిగా పెట్టండి. లోపల న్యూస్‌పేపర్ ఉండలు కూరండి. గంట గంటన్నరకు అవి తడిసి ముద్దవుతాయి. తీసి కొత్తవి పెట్టాలి. చాలామంది ఒకసారి కూరి తెల్లారేదాకా వదిలేస్తారు. తడి కాగితం లోపలే ఉండి చెమ్మను పట్టి ఉంచుతుంది, పని తిరగబడుతుంది. రెండుసార్లు మార్చాక ఫ్యాన్ గాలికి, నీడలో, పక్కకు ఒరగబెట్టి ఉంచండి.

ఎండలో, హీటర్ ముందు, హెయిర్ డ్రయ్యర్‌తో, బట్టలు ఆరబెట్టే యంత్రంలో ఆరబెట్టవద్దు. పొరలను పట్టి ఉంచే జిగురు వేడికి మెత్తబడుతుంది, ఫోమ్ కుంచించుకుంటుంది. ఎండలో ఆపిన కారు లోపల షూ వదిలేసినా ఇదే జరుగుతుంది. ముక్కు దగ్గర రబ్బరు నోరు తెరిచిందంటే ఎక్కువసార్లు వేడే కారణం. చలిలో ఇంకో రకం తేడా వస్తుంది: ఫోమ్ బిగుసుకుని గట్టిగా తగులుతుంది. అది తాత్కాలికం, షూ పోయిందనుకోకండి.

ఉతకాలంటే వాషింగ్ మెషిన్ వద్దు. బురద పూర్తిగా ఎండనిచ్చి, రెండు షూలూ ఒకదానికొకటి కొట్టి రాల్చేయండి. లేసులు, ఇన్‌సోల్ విడిగా కడగండి. మిగతాది చల్లటి నీళ్లు, కొద్దిగా సబ్బు, పాత టూత్‌బ్రష్. బ్లీచ్ వద్దు. వాసన పోకపోతే ఆరిన షూలో ఒక చెంచా వంట సోడా చల్లి రాత్రంతా ఉంచి ఉదయం దులిపేయండి.

బదులు కొనేటప్పుడు

పాత మోడల్ పేరే చూసి కొత్త జత తెప్పించుకుంటే అదే షూ వస్తుందని నమ్మకం లేదు. కంపెనీలు పేరు ఉంచి పక్కన అంకె మారుస్తాయి. ఆ ఒక్క అంకె మార్పులో ఫోమ్, మందం, వెడల్పు, డ్రాప్ ఏదైనా మారి ఉండొచ్చు. డ్రాప్, బరువు, మడమ ఎత్తు ఈ మూడూ పాతదానితో పోల్చి చూసుకోండి. సైజు అంకె కూడా కంపెనీ కంపెనీకీ మారుతుంది.

కొలత సాయంత్రం చూసుకోవాలి, పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, పరుగులోనూ అలాగే ఉబ్బుతుంది. పరుగుకు వేసుకునే సాక్సులు తొడిగి, నిలబడి చూడండి. రెండు పాదాల్లో పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. అది లేకపోతే దూరం పరుగుల తర్వాత గోళ్లు నల్లబడతాయి. వెడల్పు చూడటానికి ఇన్‌సోల్ బయటికి తీసి దాని మీద నిలబడండి. పాదం అంచులు దాటి పొంగితే ఆ షూ ఇరుకు.

పొడవు సరిపోయి మడమ మాత్రం లేస్తుంటే సైజు తగ్గించక్కర్లేదు. పైన చివర్న అదనంగా ఉండే రంధ్రం దానికోసమే. లేసును అదే వైపు ఆ రంధ్రంలోకి బయటి నుంచి దూర్చి చిన్న ఉచ్చులా ఉంచండి. రెండో వైపూ అంతే. ఒక్కో వైపు లేసు చివరను ఎదుటి ఉచ్చులోంచి తీసి, కిందికి లాగి బిగించి, మామూలుగా ముడి వేయండి. మడమ కదలదు, వేళ్ల దగ్గర బిగుసుకోదు.

మోడల్ నచ్చిందని నాలుగైదు జతలు కొని దాచుకోవడం మంచిది కాదు. ఫోమ్, జిగురు పెట్టెలో ఉన్నా వయసు మీద పడుతూనే ఉంటుంది. పాలీయురేథేన్ అడుగున్న షూలైతే గాలిలో చెమ్మను పీల్చి, ఏళ్లు గడిచాక ఒక్కసారి కూడా వేసుకోకుండానే పొడిపొడిగా రాలిపోతాయి. చేతిలో ఒకటి, పెట్టెలో ఒకటి చాలు.

దింపేసిన జత

ఫోమ్ పోయినా ఒరగకుండా నిలబడితే మామూలు నడకకు, తోట పనికి, వాన రోజుకు పనికొస్తుంది. మడమ ఒక వైపు ఒరిగినదాన్ని దేనికీ వాడవద్దు, ముఖ్యంగా బరువులెత్తేటప్పుడు. ఎవరికైనా ఇవ్వాలనుకుంటే పరుగుకు కాదు, నడకకని చెప్పి ఇవ్వండి. లేసులు బాగుంటే తీసి దాచుకోండి, తెగేది ఎప్పుడూ వేళకాని వేళే.

ఒకే రంగు, ఒకే మోడల్ జతలు రెండుంటే దింపేసినది చీకటి ఉదయం మళ్లీ కాలికెక్కే ప్రమాదం ఉంది. దించిన రోజే మడమ వెనక చెరగని మార్కర్‌తో పెద్ద అడ్డగీత గీసి, గడప దగ్గర నుంచి వేరే చోటికి మార్చేయండి. యాప్‌లో కూడా ఆ జతను అదే రోజు రిటైర్ చేయండి, లేకపోతే రేపటి పరుగు దాని ఖాతాలో పడుతుంది.